గీడనే

రామచంద్రానికి తెలిసిన దూరం ఒక్కటే. "గీడనే!" అంటే ఇక్కడే అని. మంచినీళ్ల ట్యాంకరు ఎంత దూరంలో ఉందన్నా గీడనే, మియాపూర్ ఎంత దూరమన్నా గీడనే. ఆఫీసులో కొత్తగా చేరిన జయంతి ఒకసారి పోస్టాఫీసు ఎక్కడని అడిగింది. "గీడనేనమ్మా" అన్నాడు. ఆ పిల్ల పదింటికి బయల్దేరి, భోజనాల వేళకి చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగొచ్చి చూసిన చూపుకి ఇంకొకరైతే ఊరు విడిచిపోయేవారు. రామచంద్రం మాత్రం, "దొరికిందా అమ్మా? చెప్పిన గద, గీడనే అని" అన్నాడు.

అతనిది రాయదుర్గం. యాభై అయిదేళ్లుంటాయి. కొత్తగూడ దాటాక కొత్తగా లేచిన ఓ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో జనరేటర్ చూసుకునేవాడు. కరెంటు పోయి పైనుంచి అందరూ "ఎంతసేపయ్యా?" అని అరిస్తే కిందనుంచి వచ్చే జవాబూ అదే. కాలానికీ దూరానికీ అతని దగ్గర ఒకటే కొలత.

ఆ ఆఫీసు కుర్రాళ్లు తొంభై ఎనిమిదిలో గుట్టల పరుగు మొదలుపెట్టారు. యాభై కిలోమీటర్లు. గేటు నుంచి రాయదుర్గం బండల మీదుగా పుప్పాలగూడ, అక్కణ్నుంచి గండిపేట, మళ్లీ వెనక్కి. దారి తెలిసినవాడు రామచంద్రమే కాబట్టి పాత సైకిలు మీద, సైకిలు పోని చోట దాన్ని భుజాన మోసుకుంటూ, ముందుకీ వెనక్కీ తిరిగేవాడు. నిక్కర్లేసుకుని పరిగెత్తే మగాళ్లని చూసి ఊళ్లవాళ్లు, "ఏమైంది? ఎవలు తరుముతున్రు?" అని కర్రలు పట్టుకొస్తే సర్దిచెప్పేవాడూ అతనే.

ఆ మొదటి పరుగులో భీమవరం నుంచి వచ్చిన ప్రోగ్రామరు రవికిరణ్ అయిదోవాడిగా గేటు చేరాడు. దండ వేశారు. నోటీసు బోర్డులో ఫొటో పెట్టారు. అసలు సంగతేమిటంటే, తిరుగుదారిలో పుప్పాలగూడ దగ్గర అతను గడ్డి ట్రాక్టరెక్కి పడుకున్నాడు. ఎదురుగా సైకిలు మీద రామచంద్రం వచ్చాడు. చూపులు కలిశాయి. రవికిరణ్ చటుక్కున కళ్లు మూసుకున్నాడు, తను చూడకపోతే అవతలివాడికీ కనబడనన్నట్టు.

గేటు దగ్గర జాబితా పట్టుకున్న కిరణ్మయి, "రవికిరణ్ గారిని దారిలో ఎవరైనా చూశారా?" అని అడిగింది.

"చూసిన" అన్నాడు రామచంద్రం. "గీడనే, నా ముంగటనే ఉరికిండు."

ఆ రోజు నుంచి జనరేటర్ చప్పుడు వినబడితే చాలు, రవికిరణ్‌కి తల కొట్టేసినట్టుండేది. ముందు సిగ్గుపడ్డాడు. సిగ్గు మోయలేక కోపం తెచ్చుకున్నాడు. తన గుట్టు దాచినవాడి మీద కోపం తెచ్చుకోవడం ఎంత సులువో అతనికి అప్పుడే తెలిసింది.

మరుసటి ఏడు, నిరుడు పూర్తిచేసిన అనుభవజ్ఞుడని ఏర్పాట్లన్నీ అతనికే అప్పగించారు. మీటింగులో లేచి, "ఈసారి గీడనేలు చెల్లవు. మ్యాపు మీద దారం పెట్టి కొలిచాను. ఇంకా ఎంతుందో బండల మీద పెయింటుతో రాయిస్తాను" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. "రామచంద్రం, నీ అబద్ధాలతో జనం ప్రాణాలు తోడేస్తున్నావు. నీకసలు కొలవడం వచ్చా?"

అందరూ ఘొల్లుమన్నారు. రామచంద్రం తల గోక్కుని, "రాదు సారు" అన్నాడు. పెయింటు డబ్బా మోసింది కూడా అతనే.

పరుగు రోజు ఇరవై ముగ్గురు బయల్దేరారు. 'ఇంకా 38' అన్న బండ దగ్గర ముగ్గురు కూలబడ్డారు. 'ఇంకా 30' దగ్గర అయిదుగురు. నిజం రాసిన ప్రతి బండనూ ఎవరో ఒకరు కౌగిలించుకుని కూర్చున్నారు. గండిపేట దాటేసరికి నేల మీదకంటే, కూలబడ్డవాళ్లని ఎక్కించుకొచ్చే జీపులోనే ఎక్కువమంది ఉన్నారు.

రవికిరణ్ 'ఇంకా 14' దగ్గర కూలాడు. అదే పుప్పాలగూడ. కాసేపటికి రామచంద్రం సైకిలు దిగాడు. అతని వెనకే గడ్డి ట్రాక్టరూ వచ్చి ఆగింది.

"నిరుడు గీడనే ఎక్కినవ్ గద సారూ! ఎక్కుతవా?" అన్నాడు డ్రైవరు ఎంతో ఆప్యాయంగా.

రవికిరణ్‌కి బండ చీలి తనని లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది. "వద్దు" అన్నాడు నేలకేసి చూస్తూ. ట్రాక్టరు వెళ్లిపోయింది. రామచంద్రం భుజమ్మీది తువ్వాలు తీసి బండ మీద అంకె కనబడకుండా పరిచి, దాని మీద కూర్చున్నాడు.

"గీడనే సారు. లే."

"పద్నాలుగు. నేనే రాయించాను."

"పద్నాలుగు గాదు. పద్నాలుగు మీద పదకొండు గొలుసులు. దారం బండలెక్కి దిగదు గద."

రవికిరణ్ తలెత్తాడు. "నీకెలా తెలుసు?"

"సర్వే ఆఫీసుల పందొమ్మిదేండ్లు కొలత గొలుసు గుంజిన. ఈ గుట్టలన్నీ నేను కొలిచినవే."

"మరి మీటింగులో రాదన్నావే?"

"గంతమందిల నిన్ను తప్పు పట్టాల్నా? అసలే పరేషాన్ల ఉంటివి." రామచంద్రం లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "పద్నాలుగని చెప్తే లేచినోన్ని ఎన్నడన్న చూసినవా సారు? గీడనే అంటే జర లేస్తరు. లేస్తే ఇగ కాళ్లే చూసుకుంటయి."

రవికిరణ్ బండ పట్టుకుని లేచాడు. "తప్పయిపోయిందన్నా" అన్నాడు. అన్నా అని ఎవర్నంటున్నాడోనని రామచంద్రం వెనక్కి తిరిగి చూశాడు.

ఆ పద్నాలుగూ, ఆ పదకొండు గొలుసులూ రవికిరణ్ కాళ్లతోనే దాటాడు. గేటు దగ్గర కిరణ్మయి చప్పట్లు కొట్టి, "రెండోసారి కూడా పూర్తిచేశారే!" అంది.

"మొదటిసారేనండి" అన్నాడు. "నిరుడు ట్రాక్టరెక్కి వచ్చాను."

"సారుకు ఎండ దెబ్బ తగిలింది" అన్నాడు రామచంద్రం గబగబా. "ఏందేందో అంటున్నడు. నీళ్లియ్యమ్మా."

"ఎండ కాదు, నిజమేనండి!" అని రవికిరణ్ అరిచేసరికి జీపులోవాళ్లందరూ విరగబడి నవ్వారు. ఆ ఏడాదిలో మొదటిసారి అతనికి గుండె తేలికపడింది.

ఇక రావలసింది అకౌంట్స్ సుబ్రహ్మణ్యం ఒక్కడే. "ఆయనెక్కడున్నారో!" అంది కిరణ్మయి. రామచంద్రం నోరు తెరవబోయాడు. అంతలో రవికిరణ్ కుంటుకుంటూ వెనక్కి బయల్దేరాడు.

సుబ్రహ్మణ్యం 'ఇంకా 2' అన్న బండ ముందు, దాన్నే చూస్తూ కూలబడి ఉన్నాడు. "ఇంకెంతుందండీ బాబూ?" అన్నాడు ఏడుపు గొంతుతో.

రవికిరణ్ వెళ్లి ఆ అంకెకి అడ్డంగా, వీపు ఆనించి చతికిలబడ్డాడు. పెయింటింకా పూర్తిగా ఆరలేదని అప్పుడు తెలిసింది.

"గీడనేనండి" అన్నాడు.