ఇరవై కుట్ల మఫ్లరు

ముందే ఒప్పేసుకుంటున్నాను. గోరంత ఉంటే కొండంత చేసి చెప్పే జబ్బు నాది. మా ఆవిడ నేను చెప్పినదాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాంట్లో సగం నమ్ముతుంది. మీరూ అలాగే చదువుకోండి, నాకేం బాధలేదు. అయితే ఇందులో ఒక్క ముక్క మాత్రం పెంచింది కాదు, అచ్చంగా అల్లింది. అదేదో చివర్లో చెబుతాను.

ఆమధ్య బెంజ్ సర్కిల్ దగ్గర స్కూటరు మీంచి పడ్డాను. పడటమంటే అలా ఇలా కాదు, నాలుగు వైపులా బస్సులు ఆగిపోయి, కండక్టర్లు దిగొచ్చి మరీ చూశారు. కుడి మణికట్టు విరిగింది. నెలన్నర తర్వాత కట్టు విప్పిన డాక్టరుగారు, వేళ్లు బిగుసుకుపోయాయి, వాటికేదైనా పని చెప్పండి అన్నారు. పేకాట అని నేను తేల్చుకునేలోపే మా ఆవిడ ఒక అట్టపెట్టె పట్టుకొచ్చింది. అందులో పశువుల పలుపంత లావున ఊలు, కొసన కొక్కెం ఉన్న సూది, ఒక కాగితం. మొట్టమొదటిసారి అల్లేవాళ్లకు స్కార్ఫు, చాలా సులువు, ఒక్క సాయంత్రం చాలు అని ఆ కాగితం మీద ఉంది. ఏ ఊరి సాయంత్రమో రాయలేదు. నాకిది పదకొండో సాయంత్రం. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, బెజవాడలో, బతికున్న గొర్రెను ఒళ్లో పడుకోబెట్టుకున్నట్టు ఆ ఊలును పెట్టుకుని కూర్చుంటే, ఫ్యాను గాలికి నూగు లేచి సగం ముక్కులోకీ సగం కాఫీలోకీ పోతోంది.

అదైనా సహిస్తాను. ఇరవై కుట్లతో మొదలుపెడతానా, ఆరో వరసకి పంతొమ్మిది, పదో వరసకి పదిహేడు. పోయినవి ఎక్కడికి పోతున్నాయో తెలియదు. ఫోనులో ఒకమ్మాయి నవ్వుతూ నేర్పుతుంది. నేను తప్పు చేసినా అదే నవ్వు, ఒప్పు చేసినా అదే నవ్వు. ఎనిమిదిసార్లు మొత్తం విప్పాను. తొమ్మిదోసారి పళ్లు నూరుకుంటూ విప్పుతుంటే మా అత్తయ్య గుర్తొచ్చింది.

అత్తయ్య అంటే మా నాన్నకి అక్క. చల్లపల్లిలో ఆడపిల్లల బళ్లో కుట్టు టీచరుగా చేస్తూ మా ఇంట్లోనే ఉండేది. ఆవిడ లెక్క తప్పిందన్న మాట ఊళ్లో ఎవరూ విని ఎరగరు. పెళ్లిళ్లలో బూందీ దూసేవాళ్లు ఆవిడ వస్తుందంటే వణికేవారు, లడ్డూలో ఎన్ని పలుకులో పైనుంచి చూసి చెప్పేస్తుందని. (భాగించుకోండి.) నాన్న కూడా మాస్టారే. ఆయనకి ఆయాసం. నాకు పన్నెండేళ్లున్నప్పుడు ఆయన్ని ట్రైనింగుకని పుష్యమాసంలో ఢిల్లీ పంపించారు. కృష్ణ దాటితే చాలు విదేశం అనుకునే ఇంట్లో ఢిల్లీ అనేసరికి అమ్మ మిరియాలు దంచడం మొదలుపెట్టింది. అత్తయ్య మాత్రం, ఆ చలిగాలి గొంతులోకి పోకుండా మంచి మఫ్లరొకటి అల్లి మెడకి చుట్టి పంపుతానని మాటిచ్చింది. ముక్కుపొడుం రంగు ఊలు తెప్పించింది.

ఇక సూది పట్టాలనగా, చీరలకని మంగళగిరి వెళ్లి బస్సు దిగుతూ జారిపడింది. కుడిచెయ్యి విరిగింది, కళ్లజోడు ముక్కలయింది. ఆ సోడాబుడ్డి అద్దాలు మళ్లీ చేయించడానికి బెజవాడలో రెండు వారాలు పడుతుందన్నారు. నాన్న ప్రయాణానికీ సరిగ్గా రెండు వారాలే ఉంది. ఆ సాయంత్రం ఆవిడ నన్ను పిలిచి, "ఒరే, ఈ రెండువారాలూ నీ చేతులు నావిరా" అంది.

అలా మొదలైంది నా శిక్ష. బడి వదలగానే తోటివాళ్లంతా గోళీలాటకు పరిగెత్తుతుంటే, నేను నవారు మంచం పక్కన పీటేసుకుని కూర్చునేవాణ్ణి. ఆవిడ మంచం మీద కట్టు కట్టిన చేతిని దిండుమీద పెట్టుకుని, ఎదురుగా ఉన్న నేనే అలికినట్టు కనబడుతుంటే, సూది దూర్చు, దారం పట్టు, లాగు, మళ్లీ పట్టు, రెండిట్లోంచీ లాగు అని సంధ్యావందనంలా చెప్పేది. చెమటకి ఊలు చేతులకంటుకునేది. వీధిలోంచి గోళీలు టక్కుమన్నప్పుడల్లా నా ప్రాణం గిలగిల్లాడేది. వరస పూర్తయిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న.

"ఎన్నిరా?"

"ఇరవై, అత్తయ్యా."

"చూసి చెప్పు."

"చూసే చెప్పా. ఇరవయ్యే!"

ఎడమచేత్తో అంచులు తడిమి తలూపేది. అయితే ఆ వరస చివరి కుట్టుందే, అది మహా టక్కరిది. అల్లికను ఇటు తిప్పేసరికి అటు వెనక్కి నక్కి, కంటికి ఆనకుండా దాక్కుంటుంది. నా లెక్కలో ఇరవై ఉండేవి, మఫ్లర్లో మాత్రం రోజుకొకటి చొప్పున మాయమవుతూ వచ్చాయి. రోజుకొక్క కుట్టు తేడా తడిమి చూసే చేతికి ఏం తెలుస్తుంది చెప్పండి!

ప్రయాణం రోజు పొద్దున మా మేనమామ బెజవాడనుంచి కళ్లజోడు తెచ్చాడు. అత్తయ్య అది పెట్టుకుని, ముందు మావయ్యనైనా పలకరించకుండా మఫ్లరు తెమ్మంది. పొడుగ్గా మంచం మీద పరిచింది. మొదట్లో ఇరవై కుట్లు. చివర్లో ఏడు.

అమ్మ ఆపుకోలేక నవ్వేసింది. "అయ్యో వదినా, ఇదేంటి, అటు దుప్పటీ ఇటు లాగు బొందూనా!"

నాన్న గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు. బస్సుకి టైమైపోయింది. అత్తయ్య కొత్త అద్దాల్లోంచి నావైపు ఒక్కసారి చూసింది. ఇంత పెద్ద కళ్లు. నేను నేల చూశాను. తర్వాత ఆవిడ మఫ్లరు తీసి, ఎడమచేత్తోనే తమ్ముడి మెడచుట్టూ తిప్పి, వెడల్పు కొస గుండెలమీదికి వచ్చేలా సర్ది, "కళ్లజోడు లేక లెక్క తప్పానురా. ఏమనుకోకు" అంది.

లెక్క తప్పానంది, మా అత్తయ్య.

నాన్న పదిరోజులకి తిరిగొచ్చాడు, దగ్గు వెంటబెట్టుకుని. అది ఉగాది దాకా మా ఇంట్లోనే కాపురముంది. అక్కడ తోటి మాస్టార్లు, "మీ అక్కగారు కుట్టు టీచరన్నారు, మెడ కొలత సగంలో మర్చిపోయారాండీ" అని ఆటపట్టించారని అన్నాల దగ్గర చెప్పి నవ్వాడు. అత్తయ్యా నవ్వింది. ఆ తర్వాత ఆవిడ బతికున్నన్నాళ్లూ నాచేత ఎన్నో పనులు చేయించుకుంది గానీ, ఎన్నిరా అని మాత్రం మళ్లీ అడగలేదు.

ఇప్పుడన్నీ సుఖమే. పెట్టెలోనే ఊలూ సూదీ, ఫోనులోనే గురువు, తప్పితే వెనక్కి జరుపుకుని మళ్లీ చూసుకోవచ్చు. తిట్టేవాళ్లు లేరు. ఒళ్లో ఉన్నది స్కార్ఫా, సమోసానా అని అడిగే దిక్కూ లేదు. మా తరంవాళ్లకు తెలుసు, మనం ఏ పని నేర్చుకున్నా పక్కన ఒక గొంతు ఉండేది, ప్రాణం తీసే గొంతు. అది ఎప్పుడు ఆగిపోయిందో గమనించుకోలేదు.

సరే, మాటిచ్చాను కదా. నేను కల్పించింది ఆ చివరి కుట్టు సంగతి. నిజానికది దాక్కుంటుందని నాకు తెలిసింది ఈ పదకొండు రోజుల్లోనే, ఈ కాగితం చదివి. ఆ రోజుల్లో ఏ కుట్టూ దాక్కోలేదు. రోజుకొకటి నేనే వదిలేశాను. ఒక్క కుట్టు తగ్గితే ఒక్క గోళీ ఎక్కువ ఆడొచ్చని లెక్క. కళ్లు కనబడని మనిషికి, ప్రతి వరసకీ, చూసే చెప్పా ఇరవై అని చెప్పాను.

ఇప్పుడు ఒక్కటీ వదలకుండా, నిజాయితీగా, కళ్లు పొడుచుకుని అల్లుతుంటే ఇలా అవుతోంది. ఇందాకే పదోసారి ఆరు వరసలు పూర్తిచేసి, ఒక్కొక్కటే వేలితో పట్టి లెక్కపెట్టాను.

"పంతొమ్మిది, అత్తయ్యా" అన్నాను, పైకే.

వంటింట్లోంచి మా ఆవిడ, "ఏంటండీ?" అంది. ఏంలేదని, మళ్లీ విప్పడం మొదలుపెట్టాను.