తోటకూర అంటే ఏ కూర?

“అది కాదు తమ్ముడూ, ముందు నాకిది చెప్పు. తోటకూర అనగానే నీకేం గుర్తొస్తుంది?”

“ఆకుకూరే కదా పెద్దమ్మా.”

“హమ్మయ్య! అయితే నాకొక్కదానికే మతి పోలేదన్నమాట.”

పెద్దమ్మ కడిగిన గిన్నె బోర్లించి, నడుముకి చుట్టుకున్న తువ్వాలుకి చేతులు తుడుచుకుంది. ఎదురుగా బల్ల మీద కూర్చున్నవాడు ఆమెకి చుట్టమూ కాదు, పక్కమూ కాదు. బడిలో అలమరాలు బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి. మంచినీళ్ళకని వంటగదిలోకి వచ్చి, మాటల్లో పడి, తమ్ముడైపోయాడు.

ఆ బడిలో పిల్లలూ, పిల్లల తల్లులూ, చివరికి హెడ్‌మాస్టరూ ఆమెని పెద్దమ్మ అనే పిలుస్తారు. ఇదివరకు ఒక బట్టల మిల్లు క్యాంటీన్‌లో వండేది. షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు కంచంలో మెతుకు మిగల్చకుండా లేచేవారు. మిల్లు మూతపడ్డాక ఆ చేతినే నమ్ముకుని ఇక్కడికి వచ్చింది. ఉప్పు కొలవదు, కంటితో చూసి వేస్తుంది. అలాంటి చేతి వంటని పిల్లలు ముట్టుకోవడం మానేశారు.

అదంతా తోట పెట్టాకే. పాత సైకిల్ షెడ్ పడగొట్టి, ఆ జాగాలో సైన్సు టీచరమ్మ పిల్లలచేత చిక్కుడు, టమాటా, సొర, వంగ వేయించింది. తాము పెంచిన కాయలైతే పిల్లలు మొహం తిప్పుకోకుండా తింటారని ఆమె ఆశ. తల్లిదండ్రుల సంఘం కూడా ఉత్సాహపడింది. ఒకరు మట్టి తోలించారు, ఒకరు కంచె కట్టారు. మొదటి కాయలు దిగిన రోజున టీచరమ్మ వంటగది కిటికీలోంచి తల పెట్టి, “ఇకనుంచి పిల్లలకి తోటకూరే పెట్టాలి పెద్దమ్మా!” అంది. గంట కొట్టారు. పరుగెత్తింది.

పెద్దమ్మ కిటికీలోంచి తోటంతా కలయజూసింది. మచ్చుకి ఒక్క తోటకూర మొక్క లేదు. లేనిదాన్ని వండమంటుందేమిటి ఈ పిల్ల అనుకుంటూనే బజారునుంచి కట్టలు తెప్పించింది. ఒకరోజు వేయించింది, ఒకరోజు మెత్తగా ఉడికించింది, ఇంకోరోజు వెల్లుల్లి దట్టించింది. తోటలోని కాయల జోలికి మాత్రం పోలేదు. పాఠం కోసం పెంచుకుంటున్నవి, కోస్తే పిల్లలు ఏడ్చి గోల పెడతారని. చిక్కుళ్ళు ముదిరిపోయాయి. టమాటాలు పండి రాలిపోయాయి.

ఆమె ఆడపడుచు ఆ వంటగదిలోనే కూరలు తరుగుతుంది. “ఈ ఆకు వలిచి వలిచి నా వేళ్ళు పచ్చబడ్డాయి వదినా. కట్టలు దొరక్కపోతే నన్నే కోసి వండేలా ఉన్నావు.”

“నిన్ను వండినా ఎవరు తింటారే? ఎంత ఉడికించినా మెత్తబడే రకం కాదు.”

నవ్విందే గానీ లోపల గుబులుగానే ఉంది. కంచాలు వడ్డించినవి వడ్డించినట్టే తిరిగొస్తున్నాయి. “మావి పెట్టరా?” అని ఒక పిల్ల గొణిగితే, ‘మావి’ ఏమిటో అంతుపట్టక ఇంకో గరిటెడు ఆకు వేసింది. టీచరమ్మ చూస్తే ముభావంగా తప్పుకు తిరుగుతోంది. పెద్దమ్మ తన వంట తనే తిని చూసుకుంది. బాగానే ఉంది. మళ్ళీ ఒక ముద్ద తింది. ఈసారి బాగుందో లేదో తెలియలేదు. చేతి మీద అనుమానమొస్తే నాలుకని అడగొచ్చు. నాలుక మీదే అనుమానమొస్తే ఎవరిని అడగాలి?

అంతలో సంఘంవాళ్ళ మాట చెవిన పడింది. పిల్లలు ఎలాగూ తినడం లేదు, ఈ వంటగది మూసేసి వ్యాన్‌లో డబ్బాలు తెప్పిద్దామని.

ఆ రోజే టీచరమ్మ ఉండబట్టలేక అడిగేసింది. “మా తోట మీద మీకేం కోపం పెద్దమ్మా? కళ్ళెదురుగా కాయలు కుళ్ళిపోతుంటే ఎక్కణ్ణుంచో ఆకులు తెచ్చి పెడతారేంటి?”

“మీరేగా తోటకూరే పెట్టమన్నారు!”

“అవును, తోట కూరే!”

“పెడుతున్నాగా మరి, తోటకూరే!”

ఇద్దరూ గొంతులు పెంచి ఒకే మాట మీద కొట్లాడుకుంటుంటే, ఆడపడుచు కత్తి పక్కన పెట్టి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

“ఆగండాగండి. టీచరమ్మగారూ, ఆ మాటకి మధ్యలో మీరు ఊపిరి తీసుకుంటున్నారు. మా వదిన తీసుకోవడం లేదు.”

మర్నాడు పెద్దమ్మ తోటలోని లేత చిక్కుళ్ళు కోసి వండింది. “ఇది మా తీగదే!” “కాదు, మాదే!” అని పిల్లలు ఒకరి కంచంలోకి ఒకరు తొంగిచూస్తూ ఊడ్చిపెట్టేశారు. పెద్దమ్మకి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ రోజు కంగారులో ఉప్పు ఎక్కువ పడిందని ఆమెకి తెలుసు. ఒక్కరూ కిక్కురుమనలేదు. అంటే తిన్నది తన చేతిని చూసా, తీగని చూసా? ఆ సంగతి ఇప్పటికీ తేల్చుకోలేకపోతోంది.

“సరే, అర్థమైపోయింది కదా పెద్దమ్మా, ఇంకా దిగులేంటి?” అన్నాడు వడ్రంగి.

“అక్కడే ఉంది తిరకాసంతా. రేపు సంఘంవాళ్ళు వచ్చి పిల్లల పక్కన కూర్చుని తింటారట. తిన్నాక చెబుతారట, నేనుండాలో వ్యాన్ రావాలో. పొద్దున టీచరమ్మ మళ్ళీ కిటికీలోంచి, ‘రేపు తోటకూర మర్చిపోకండి’ అని అరిచి పోయింది.”

“తోటలో కాయలు వండితే సరిపోయె.”

“అటు చూడు,” అని కిటికీలోంచి చూపించింది. చిక్కుడు పందిరి పక్కన ఎర్రటి కాడలతో, నవనవలాడుతూ ఒక మడి నిండా తోటకూర. “మా గొడవ విని పిల్లలు పడీ పడీ నవ్వారు. నా ముచ్చట కోసమని నెల కిందట టీచరమ్మే దగ్గరుండి ఆ మడి వేయించింది. ఇప్పుడు చెప్పు, ఏ తోటకూర? పొద్దున ఆవిడ ఆ మాట అంటుండగానే కుక్కర్ కూత పెట్టింది. మధ్యలో ఊపిరి తీసుకుందో లేదో నాకు వినబడలేదు.”

“వెళ్ళి అడగరాదూ?”

“అమ్మో! ఇంకా బుర్రకెక్కలేదా అనుకుంటుంది.” పెద్దమ్మ అతని ఖాళీ గ్లాసు అందుకుంది. “నువ్వెలాగూ స్టాఫ్ రూమ్ అలమరా దగ్గరికేగా వెళ్ళేది. నా పేరెత్తకు తమ్ముడూ. మాటల్లో పెట్టి ఆ ముక్క ఆవిడ నోట ఒక్కసారి అనిపించు. సుత్తి కొట్టడం ఆపి, మధ్యలో ఊపిరి తీసుకుందేమో జాగ్రత్తగా విని వచ్చి చెప్పు.”