మూత లోపలి పేరు

మా మేస్త్రి పోయారని తెలిసినప్పుడు నేను అత్తిబెలెలో ఒక ఫ్యాక్టరీ గోడ పక్కన కూర్చుని ఫైబర్ కేబుల్‌లోని గాజు పోగులు అతుకుతున్నాను. వాళ్లావిడ ఫోన్ చేసి, "మీ అన్న పొద్దున లేవలేదు మా," అంది. వస్తున్నా అక్కా అని చెప్పి, చేతిలో ఉన్న అతుకు పూర్తి చేసి, అతుకులుండే డబ్బా మూత లోపల నా పేరు రాసి మరీ లేచాను. ఆయన నేర్పిన పద్ధతి అది. పని చేసినవాళ్ల పేరు మూత లోపల ఉండాలి. ఒక్క డబ్బా విషయంలో మాత్రం ఆ పద్ధతి అబద్ధమైంది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బళేపేటలో గాజులు అమ్మే ఇంట్లో పుట్టిన మనిషి ఆయన. కొట్టు తమ్ముడికి వదిలేసి ఈ కేబుళ్ల పనిలోకి వచ్చారు. "అదీ గాజే, ఇదీ గాజే అమ్మణ్ణీ. ఆడ చేయి నొక్కేది తెలియాల, ఈడ ఊపిరి పట్టేది తెలియాల," అనేవారు. తెంపిన పోగు ముక్కల్ని పాత ఊరగాయ సీసాలో వేసి మూత బిగించేవారు. ఒక్క ముక్క కింద పడినా, టేపు అతికించి దాన్ని తీసేదాకా ఎవరినీ టిఫిన్ డబ్బా తెరవనిచ్చేవారు కాదు. పోగు చివరి కనెక్టర్ పెట్టేముందు దాని మొనను స్కోపు భూతద్దంలో చూడాలి, తుడవాలి, మళ్లీ చూడాలి. అప్పుడే కవరు చింపినదైనా సరే. "కొత్తదానికే పొగరు జాస్తి, దాన్నే ముందు తుడువు," అని నన్ను చూసి నవ్వేవారు. అప్పటికి ఆయన జట్టులో ఆడమనిషిని నేనొక్కదాన్నే, అందులోనూ కొత్త.

ఈ పనిలో ఒక నియమం ఎవరికైనా అర్థమవుతుంది. పచ్చ కనెక్టర్ పచ్చదానికే, నీలం నీలానికే. నీలందాని మొన తిన్నగా ఉంటుంది. పచ్చదాన్ని ఎనిమిది డిగ్రీలు వాలుగా అరగదీస్తారు. తప్పు జత కలిపినా దూరుతుంది, టక్కుమని కూర్చుంటుంది కూడా. కానీ లోపల గాజుకు గాజు ఆనదు, వెలుతురు సందులోంచి కారిపోతుంది. "టక్కుమంటే కుదిరిందని కాదు అమ్మణ్ణీ, మీటరు చెప్పాల," అని ఆయన నాకు వందసార్లు చెప్పి ఉంటారు.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక స్కానింగ్ సెంటర్. కింద తీసిన స్కాన్లు పై అంతస్తులో డాక్టర్లకు వెళ్లే లైను అది. నేను వేస్తుండగా చేతిలో పచ్చ కనెక్టరున్న తీగలు అయిపోయాయి. మెట్లు దిగి వ్యాను దాకా వెళ్లాలంటే బద్ధకం. నిజమే చెబుతున్నాను, బద్ధకమే. నీలం మొనను పచ్చదాంట్లో దూర్చాను. మిషన్ మీద లైటు వెలిగింది. వెలుతురు కొలిచే మీటరు పెట్టలేదు. మూత లోపల పేరు రాసి, బిగించి వచ్చేశాను.

కొన్నాళ్లు నడిచింది. తర్వాత లైను పడిపోవడం, లేవడం మొదలైంది. రోగులు బెంచీల మీద గంటలకొద్దీ కూర్చుంటున్నారని గొడవ. నేనూ మేస్త్రీ వెళ్లాం. ఆయన డబ్బా తెరిచి చూశారు. "పోయి వ్యానులో పచ్చ తీగ తీసుకురా," అన్నారంతే. తెచ్చేసరికి మా మేనేజరు వచ్చి, డబ్బా మూత చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవరు చేశారిది?"

"నేనే సార్," అన్నారు మేస్త్రి. "కళ్లు సరిగ్గా ఆనడంల్యా. పచ్చకీ నీలానికీ తేడా తెలియల్యా."

నేను ఏదో అనబోతే బూటు తొక్కారు. ఆయన తొక్కింది బూటు మాత్రమే. నోరు మూసుకున్నది నేను.

ఒక్కో కట్టలో పన్నెండు పోగులు, పన్నెండు రంగులు ఉంటాయి. రంగు చూసే ఏది ఎక్కడికో చెప్పాలి. రంగులు తెలియని మనిషిని ఈ పనిలో ఎవరు ఉంచుకుంటారు? ఆ వారంలోనే ఆయన్ని ఇంటికి పంపేశారు. ఎందుకిలా చేశారన్నా అని ఏడిస్తే, "నీ పేరు బయటికొస్తే, ఆడోళ్లకి ఈ పని రాదని ఒక్క మాటతో కొట్టేస్తారు. ఇంకొకర్ని తీసుకోరు. నాకా, మానుకునే వయసే. ఊరుకో," అన్నారు. ఊరుకున్నాను. అది మాత్రం బాగా చేతనైంది నాకు. ఇప్పుడు మా జట్టులో ఆడవాళ్లం నలుగురం ఉన్నాం.

ఆయన పోయిన పదకొండో రోజు భోజనాలయ్యాక అక్క నన్ను పక్కకు పిలిచింది.

"ఒకటి అడుగుతా మా. కళ్లు పోయినాయనే కదా పని ఇడిపించిరి. మరి తమ్ముని కొట్లో కూర్చుని, చీర చూసి సరిగ్గా అదే రంగు గాజులు తీసి ఇస్తాండె. కళ్లకు మంచిదని నేను రోజూ పొన్నగంటాకు వండి పెడితే కిమ్మనకుండా తింటాండె. చుట్టాలంతా గుడ్డోడు లైను చెడిపినాడని ఎగతాళి చేసిరి, దానికీ నవ్వుతాండె. నీకేమన్నా తెలుసునా?"

"తెలీదక్కా," అన్నాను. ఆయన బతికుండగా ఒకసారి, పోయాక ఒకసారి. ఇంతకంటే సిగ్గుమాలిన పని నా జన్మలో చేయలేదు.

నిన్న ఆ స్కానింగ్ సెంటర్‌కి వెళ్లి డబ్బా తెరిచాను. మూత లోపల మేస్త్రి పేరు, ఆయన గుండ్రటి కన్నడ అక్షరాల్లో. నేను వ్యాను దాకా వెళ్లొచ్చిన ఆ కాసేపట్లోనే, కనెక్టర్లు తుడిచే స్పిరిట్‌తో నా పేరు తుడిచేసి తన పేరు రాసుకున్నారన్నమాట. ఆరోజు మేనేజరు మూత చూసి కూడా నన్నెందుకు అడగలేదో ఇన్నేళ్లకు అర్థమైంది. అంత శుభ్రంగా తుడిచే చేతికి కూడా అది పూర్తిగా పోలేదు. కింద నా తెలుగు అక్షరాలు లీలగా ఉన్నాయి.

మార్కర్ తీసి వాటి మీదే దిద్దాను. ఫోటో తీసి అక్కకు పంపాను. "అన్న కళ్లకు ఏమీ కాలేదక్కా. ఆ పని నాది. నీకు తెలీదని అబద్ధం చెప్పాను," అని కింద రాశాను. నేనిప్పుడు రాస్తున్న ఈ సంగతి చదివాక మా మేనేజరు నన్ను ఉంచుతాడో పంపుతాడో చూడాలి. ఏం చేసినా న్యాయమే.

మెసేజ్ కింద రెండు నీలం టిక్కులు పడ్డాయి, అక్క చదివింది. అక్క ఏదో టైపు చేస్తున్నట్టు చూపించింది, ఆగింది, మళ్లీ చూపించింది, ఆగింది. నేను మూత వేయకుండా అక్కడే మెట్ల మీద కూర్చున్నాను.