అలీ సాహెబ్ చెర్నాకోల

నరసరావుపేట స్టేషను ముందు చివరి జట్కా తోలింది అలీ సాహెబే. ముప్పై ఏళ్లు తోలాడు. చేతిలో చెర్నాకోల ఉండేది గానీ, అది గుర్రం వీపున తగలగా చూసినవాడు ఊళ్లో లేడు. నాలుకను అంగిటికి కొట్టి 'టక్' అంటే చాలు, లారీ మీదికొచ్చినా గుర్రం ఎక్కడిదక్కడ నిలబడిపోయేది. పొద్దున బండి కట్టే ముందు దాని పెదవి ఎత్తి చిగుళ్లను బొటనవేలితో నొక్కేవాడు. వేలు తీయగానే ఆ చోటు మళ్లీ ఎరుపెక్కాలి. ఆలస్యమైతే ఇంట్లో పొయ్యి వెలగకపోయినా సరే, ఆ పూట బండి కట్టేవాడు కాదు.

ఆటోలొచ్చి జట్కాను మింగేశాక, రొంపిచెర్ల రోడ్డులోని పాము విషం పరిశోధన కేంద్రం వాళ్లు అతని ఆడగుర్రం గులాబీని కొన్నారు. పట్టుకునేవాడు కావాలి గనక అతణ్నీ పనిలో పెట్టుకున్నారు. సర్కారు సొమ్ముతో నడిచే సంస్థ అది. గుర్రాలకు విషం కొద్దికొద్దిగా ఎక్కించి, మెడ నరంలోంచి రక్తం తీసి, పాముకాటుకు మందు చేస్తారు. మిరపచేలో కట్లపాము కరిచిన పక్కింటి పుల్లయ్య బతికింది ఆ మందుతోనే. అది తలచుకుంటే అలీ సాహెబ్ ఛాతీ పొంగేది. నెలకోసారి సూది దిగేవేళ అతను 'టక్' అనేవాడు, గులాబీ కదలకుండా నిలబడేది. తన్నే గుర్రాలను మాత్రం అక్కడ ఉంచుకోరు, వేలంలో అమ్మేస్తారు.

రెండేళ్ల కిందట పైనుంచి కాగితం వచ్చింది. ఇక గ్రాంటు రాదు, సంస్థ తన కాళ్ల మీద తాను నిలబడాలి. కొత్త డైరెక్టరు ఫణీంద్రను చెడ్డవాడనలేం. నలభైమంది బతుకులు అతని మెడకు చుట్టుకున్నాయి. ప్రైవేటు ఆసుపత్రులకు మందు అమ్మే ఒప్పందం కుదుర్చుకొచ్చాడు. నెలకోసారి తీసే రక్తం పదిరోజులకోసారైంది. సంస్థ కాళ్లు కుదురుకున్నాయి, గుర్రాల కాళ్లు వణికాయి. ఎండల్లో రెండు గుర్రాలు మెడలో సూది ఉండగానే కూలాయి. ఒకటి పడుతూ గోడకేసి తల పగలగొట్టుకుంది. గచ్చు మీది నెత్తురు అలీ సాహెబే కడిగాడు.

ఆ శుక్రవారం పొద్దున గులాబీ చిగుళ్లు నొక్కితే, తెల్లబడిన చోటు ఎంతకీ ఎర్రబడలేదు. అతను తిన్నగా ఫణీంద్ర దగ్గరికి పోయాడు.

"సారూ, దాని ఒంట్లో నెత్తురు లేదు. రేపు సూది గుచ్చితే చచ్చిపోద్ది."

"రిపోర్టు బానే ఉంది సాహెబ్‌గారూ. రేపటి నెత్తురు అందక మందు లోడు ఆగితే ఒప్పందం రద్దు, షెడ్డుకు తాళం."

"నేను పట్టుకోను సారూ."

"సూదులు గుచ్చే కుర్రాడు మోయినే 'టక్' అంటాడు. ఎవరు 'టక్' అన్నా అది నిలబడేటట్టు మీరే కదా నేర్పింది."

అలీ సాహెబ్ వెనుదిరిగి షెడ్డుకు నడిచాడు. ఆ సంగతి నిజమే.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లారు. మోయిన్ నమాజుకు రమ్మంటే, "నువ్వు పో బేటా" అన్నాడు. తలుపు గడియ పెట్టి, మేకుకు వేలాడుతున్న చెర్నాకోల అందుకున్నాడు. 'టక్' అన్నాడు. గులాబీ నిలబడింది. కొట్టాడు. అది మెడ తిప్పి అతణ్ని చూసింది. మళ్లీ 'టక్', మళ్లీ దెబ్బ. తోలు చిట్లి నెత్తురు డెక్కల దాకా కారింది. "వాళ్లు తీసేదానికన్నా ఇది తక్కువేలే తల్లీ" అంటూ, వెక్కుతూ కొట్టాడు. చివరికి 'టక్' అనగానే గులాబీ వెనక్కాళ్లు లేపి తన్నింది, చెక్క తలుపు చీలిపోయింది. అప్పుడు చెర్నాకోల కింద పడేశాడు. నెత్తురు కడిగి, దాని వీపు మీద గోనెపట్టా కప్పాడు.

శనివారం మోయిన్ సూది పట్టుకుని 'టక్' అన్నాడు. గులాబీ ఒక్క తాపు తన్నేసరికి ట్రే ఎగిరి సీసాలు పగిలాయి. మోయిన్ గోడకు కొట్టుకుని నుదురు చిట్లి కూలబడ్డాడు. రెండో తాపు అతని ఛాతీ మీదికి వస్తుంటే అలీ సాహెబ్ అడ్డం పడ్డాడు. ముంజేయి విరిగి ఎముక బయటికొచ్చింది. గుమ్మంలో ఫణీంద్ర చొక్కా మీద నెత్తురు చింది పడింది. అతను గోనె జారిన గుర్రం వీపు మీది వాతలు చూశాడు, అలీ సాహెబ్‌ను చూశాడు.

"దీన్ని అమ్మేయండి," అన్నాడంతే.

మందు లోడు మిగతా గుర్రాల నెత్తురుతో వెళ్లింది. వేలంలో గులాబీని అలీ సాహెబే పాడుకున్నాడు. ఇప్పుడది అతని పెరట్లో పచ్చగడ్డి తిని నిగనిగలాడుతోంది. అయితే అతని అడుగుల చప్పుడుకే దాని చెవులు వెనక్కి వాలతాయి, వెనక్కాలు లేస్తుంది. అందుకని రోజూ పొద్దున పుల్లయ్య వచ్చి దాని పెదవి ఎత్తి చిగుళ్లు నొక్కుతాడు. అలీ సాహెబ్ వంకరచెయ్యి ఒళ్లో పెట్టుకుని, దడికి ఇవతల కూర్చుంటాడు.

"ఎర్రగా ఉంది సాయిబన్నా, చానా బాగుంది," అంటాడు పుల్లయ్య.

"ఇంకోసారి నొక్కి చూడు," అంటాడు అలీ సాహెబ్, దానికి వినపడకుండా గొంతు తగ్గించి.