అటు పక్క పరుగు

మా నరసరావుపేట గ్రౌండులో రోజూ పొద్దున్నే ఒకాయన, తొమ్మిదో తరగతి చదివే కూతురి చేత పరుగు ప్రాక్టీసు చేయిస్తా ఉంటాడు. తను గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, పిల్ల తన ముందుకొచ్చినప్పుడల్లా "నీకంటే గేదె నయమే! ఇంటికి పోయి అంట్లు తోముకో!" అని అరుస్తాడు.

ఈ రోజు ఉండబట్టలేక, ఎందుకండీ ఆ తిట్లు అని అడిగా.

"కసి పుట్టుకతో రావాలండీ. దీనికి రాలా. అందుకే తిట్టి ఎక్కిస్తన్నా" అన్నాడు, మిరప చేనుకి మందు కొట్టే సంగతి చెప్పినట్టు.

చిత్రమేందంటే, ఆ పిల్ల గ్రౌండుకి అవతలి పక్క కట్టు విప్పిన లేగదూడలాగా ఉరుకుతుంది. గేటు దగ్గరికొచ్చేసరికి కాళ్లీడుస్తుంది. కుళాయి దగ్గర కనపడితే, ఎందుకమ్మా అట్లా అన్నా.

"అటు పక్కకి నాన్న మాటలు వినపడవు అంకుల్."

ఆయనకి బుద్ధొస్తదని ఆ ముక్క మోసుకెళ్లి చెప్పా. ఆయన నా చెయ్యి పట్టుకుని, "మంచి మాట చెప్పారు సార్. రేపట్నుంచి స్కూటరేసుకుని పక్కనే వస్తా" అన్నాడు.

కసి పుట్టుకతో వస్తదో, పెంచితే వస్తదో మీరే తేల్చండి. ఆ పిల్లకి మిగిలిన సగం రౌండు మాత్రం నేనే పోగొట్టా.