స్వీడన్ పాటకు పరామర్శ

ఈ రోజు ఫ్యాక్టరీకి సెలవు. జడ్చర్లలో నా కిరాయి గదిలో బట్టలు మడతపెడుతూ ఫోన్లో ఒక స్వీడన్ అమ్మాయి పాట పెట్టుకున్నాను. తన గదిలో తనే రికార్డు చేసుకుందట. భాష ఒక్క ముక్క రాదు, కానీ ఆ ఒంటరి గొంతు నాకు అర్థమవుతుంది.

పక్క వాకిట్లో మేకలకు ఆకు వేస్తున్న బాలమ్మవ్వ గబగబా లోపలికొచ్చి, నా పక్కన కూలబడి చెయ్యి పట్టుకుంది.

"ఎవలు పోయిండ్రు బిడ్డా?"

"ఎవ్వలు పోలేదవ్వా. గిది పాట, స్వీడన్ దేశంది."

"ఏ దేశమైతేంది? గా పిల్ల శోకం పెడ్తాంది గదా. ఏడ్చెటోళ్లను ఒక్కల్లనే ఇడిసి పోవద్దు."

పాట అయిపోయేదాకా అవ్వ కదల్లేదు. ఈ గదికొచ్చి రెండేళ్లు. నా పక్కన ఒకరు కూర్చోవడం ఇదే మొదలు.

అవ్వ లేవబోతుంటే గబుక్కున ఇంకో పాట పెట్టాను. దీన్ని మోసం అంటారా, మీరే చెప్పండి.