అంతియొకయ పంక్తిలో మా అత్త

మా అత్త పోయింది. ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆ పొద్దున చారులో చింతపండు ఎక్కువ పిసికానని నాతో కొట్లాడి, సంచి భుజాన వేసుకుని వికారాబాదు స్టేషనుకు నడిచి వెళ్లిన మనిషి. తాండూరులో ఒకరింట్లో ప్రార్థన ఉంది, సాయంత్రం బండికి వచ్చేస్తానంది. నేను కూడా పంతానికి మళ్లీ చారే కాచి, ఈసారి ఏం వంక పెడుతుందో చూద్దామని కూర్చున్నాను. బండి కూత వినబడింది. అత్త రాలేదు. స్టేషనులో పనిచేసే పక్కింటాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ అత్త తాండూర్ల చెప్పులు తొడుక్కుంటనే కూలవడ్డదట. పానం పోయిందట," అన్నాడు.

"ఎవరి అత్త?" అని అడిగాను. నిజంగానే అడిగాను. ఇప్పటికీ నాకు ఆ ప్రశ్నే నోట్లో ఆడుతోంది.

ఆమె ఎవరో మీకు చెప్పాలి. పల్లెలు తిరిగి బైబిలు వాక్యం చెప్పడం ఆమె పని. పెళ్లైన కొన్నేళ్లకే భర్త పోతే, ఒక్కగానొక్క కొడుకును పెట్టుకుని ఈ పనిలో చేరింది. పూడూరు, మోమిన్‌పేట, ఇటు తాండూరు దాకా ఆమె నడవని బాట లేదు. సిలువ కథ అందరూ చెబుతారు. మా అత్తకు ప్రాణం ఆ తర్వాతి కథ. గురువు వెళ్లిపోయాడు, గుడి లేదు, గంట లేదు. ఆ పిడికెడు మంది ఆ మాటను యెరూషలేము నుంచి రోమా దాకా ఎలా మోసుకుపోయారన్నది ఆమె నోట వినాలి.

"ఎవలు మోసిండ్రనుకుంటున్నరు? పటాలాలా? గుడారాలు కుట్టుకొని బతికే ఆలుమొగలు, ఊదారంగు బట్టలమ్ముకునే ఒక ఆడమనిషి, దొరల ఇండ్లల్ల ఎట్టిచాకిరి చేసేటోళ్లు. పనికి పోయిన కాడల్లా చెప్పిండ్రు. ఎవలింట్ల జాగ ఉంటె ఆ ఇల్లే గుడి," అనేది.

పూడూరులో ఒక రైతు భార్య, "మీ దేవుడు సీమ నుంచి వచ్చిన తెల్లదొరల దేవుడు గదా," అందట. అత్త నవ్వి, "సీమ దొరలకు ఎరుక గాకముందే ఆయన మాట ఎండ దేశాలల్ల తిరిగిందమ్మా. ఒంటెలు, గాడిదెలు, దుమ్ము. మన తాండూరు బజారు లెక్కనే ఉంటుండె," అందట. పెంతెకొస్తు పండుగనాడు ఊరూరి జనానికి ఆ మాట ఎవరి భాషలో వారికి వినబడిందని కూడా చెప్పేది. తాండూరు బజారులో ఉర్దూలో బేరం మొదలుపెట్టి, కన్నడంలో తిట్టుకుని, తెలుగులో రాజీపడే వాళ్లకు అది పెద్ద వింతగా తోచేది కాదు.

నేను ఆమెను మొదట చూసింది నిజాం రాజ్యం పోయిన ఏడు. మా నాన్న కరణ్‌కోట దగ్గర బండల గనిలో పనిచేసేవాడు. ఎవరు వస్తారో, ఎందుకు వస్తారో తెలియని భయంతో అందరం తలుపులు మూసుకుని ఉన్న రోజులు. ఆమె మిట్టమధ్యాహ్నం ఒంటరిగా నడిచి వచ్చి, మా అమ్మను మంచినీళ్లు అడిగి, మా చెంబుకే పెదవి ఆనించి తాగింది. అమ్మ బిత్తరపోయింది. ఆమె కులం వేరు, మా కులం వేరు. రెండు కులాలూ తాతల నాడే క్రైస్తవంలోకి వచ్చాయి. చర్చిలో ఒకే పాట పాడతాం. చర్చి దాటితే ఎవరి వాడ వారిది, ఎవరి కుండ వారిది.

ఆ రోజే ఆమె మాకు అంతియొకయ కథ చెప్పింది. ఆ ఊరిలో యూదులూ, యూదులు కానివాళ్లూ కలిసి కూర్చుని తినేవారట. యేసు శిష్యుల్లో పెద్ద, పేతురు అంతటివాడు కూడా వాళ్లతో పాటే తిన్నాడు. యెరూషలేము నుంచి తన వాళ్లు రాగానే మాత్రం మెల్లగా పక్కకు జరిగాడు. తోటి బోధకుడు పౌలు అందరి ముందూ, మొహం మీదే అడిగేశాడు. మా నాన్నకు ఒళ్లు మండి, "ఇగ గాయనేం పెద్దమనిషి?" అన్నాడు.

"చెడ్డోడు గాదన్నా," అంది అత్త. "రోమాల సావుకు భయపడలే. అంతియొకయల సుట్టాలకు భయపడ్డడు. ఆ భయం ఇంకోతీరుగ ఉంటది."

కొన్నేళ్లకు ఆమే కొడుకును వెంటబెట్టుకుని నన్ను కోడలిగా అడగడానికి వచ్చింది. కరణ్‌కోటలో పెళ్లి. అత్త వాళ్ల అన్న చర్చి సంఘంలో పెద్ద. తండ్రి లేని చెల్లెల్ని ఎత్తుకుని పెంచినవాడు. పెళ్లికి వచ్చాడు, ప్రార్థనలో ఆమెన్ అన్నాడు, భోజనాల పంక్తిలో కూర్చున్నాడు. మా అమ్మ అన్నం గంప పట్టుకుని రాగానే లేచాడు. ఆయన వెనకాల ఒక్కొక్కరే, పంక్తి మొత్తం లేచింది. ఖాళీ విస్తర్ల మధ్య అత్త ఒక్కతే మిగిలింది. ఆమె అన్న వైపు చూడలేదు.

"వదినె, ఆకలైతుంది, పెట్టు," అని మా అమ్మను పిలిచింది. తింది. అడిగి అడిగి వడ్డించుకుంది. అంత అన్నం ఆమె అంతకు ముందూ తినలేదు, ఆ తర్వాతా తినగా నేను చూడలేదు.

ఆ పంక్తితో ఆమెకు పుట్టిల్లు పోయింది. పెళ్లికి పిలుపు లేదు, చావుకు కబురు లేదు. ప్రతి క్రిస్మస్‌కు అన్నకు ఇష్టమని గారెలు చేసి పంపేది. గిన్నె మూత తీయకుండానే తిరిగొచ్చేది. నాకు కోపం వచ్చి, "ఇంకా ఎందుకు పంపుతావు అత్తా, సిగ్గు లేదా మనకు?" అన్నాను ఒకసారి.

"మా అన్న గీ ఇంట్ల ఒక్కసారి కూసొని తినాలె పిల్లా. నాకు ఇంకేం ఫికర్ లేదు," అంది. తిరిగొచ్చిన గారెలు తనే నా నోట్లో కుక్కింది.

నన్ను అందరి తర్వాత తిననిచ్చేది కాదు. "నువ్వేమన్న ఎట్టిదానివా? కూసో," అని చెయ్యి పట్టి లాగేది. వంకలు పెడుతూనే కంచం ఊడ్చేది. ఆమె పక్కన కూర్చుని తిన్న అన్నమే నాకు ఈ ఇంట్లో చోటు ఇచ్చింది. ఈ సంగతి ఆమెకు నేను ఏనాడూ చెప్పలేదు. రేపు చెప్పొచ్చులే అనుకునే వయసే కదా ఆమెది!

మర్నాడు పొద్దున మా అమ్మ వాళ్లే ఆమెను నాపరాళ్ల లారీలో వికారాబాదు తెచ్చారు. బండల మీద బొంత పరిచి, ఆమె తలను అమ్మ ఒళ్లో పెట్టుకుంది. సమాధి దగ్గర ఆమె అన్న దూరంగా నిలబడ్డాడు. మా ఆయన వేశాక తనూ మన్ను వేశాడు. వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు, తన వాళ్లతో మా ఇంటి దాకా వచ్చాడు.

చావింట్లో పొయ్యి ముట్టించరు కదా. అమ్మ పక్కింటి పొయ్యి మీద అన్నం, పప్పు వండి తెచ్చింది. విస్తర్లు పరిచారు. ఆయన వాళ్లంతా గడప అవతలే నిలబడ్డారు. ఆయన మాత్రం లోపలికి వచ్చి కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు ఆమె కళ్లు కాయలు కాచేలా చూసింది, ఇప్పుడు ఎవరి కోసం కూర్చున్నట్టు? విస్తరి లాగి పారేద్దామనిపించింది. అమ్మ అన్నం పెట్టింది. ఆయన పప్పు కలిపాడు. చెయ్యి పైకి లేవలేదు.

"చెల్లె ఏడ కూసొని తినేది, బిడ్డా?" అని అడిగాడు. నేను ఈ ఇంటికి వచ్చాక ఆయన నాతో అన్న మొదటి మాట అది.

వంటింటి తలుపు పక్కన గోడను చూపించాను. రోజూ ఆనుకుని కూర్చోవడంతో ఆమె తలనూనె ఆ సున్నం మీద మరకై ఉంది. ఆయన విస్తరిని రెండు చేతులా ఎత్తుకుని లేచాడు. సగం మెతుకులు దారిలో రాలాయి. వెళ్లి ఆ మరక కింద కూర్చున్నాడు.

బయటి నుంచి ఎవరో "పెద్దయ్యా, పోదాం," అని పిలిచారు. ఆయన తల ఎత్తలేదు, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అత్త పొడగరి, ఆయన పొట్టి మనిషి. ఆయన తింటున్నంతసేపూ ఆ నూనె మరక ఆయన తలకు జానెడు పైన కనబడుతూనే ఉంది.